కల్లుకుండకు దేవుడెవరు?

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథను కలిసి అల్లుకునే ఆట రోల్‌ప్లేయింగ్. పగ్గాలు గేమ్ మాస్టర్ చేతిలో ఉంటాయి. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగే ఒకే కథను క్యాంపెయిన్ అంటారు. ఆ కథకు ఒక లోకం కావాలి. లోకానికి కొండలు, నదులు, రాజ్యాలు, దేవతలు కావాలి. యుద్ధానికొకరు, సముద్రానికొకరు, పంటకొకరు అని దేవతల పట్టిక రాసుకుంటూ పోతే మద్యం అనే గడి తప్పకుండా వస్తుంది. అందులో పడే పేరు చాలాసార్లు డయోనిసస్. కాకపోతే పేరు మార్చుకున్న డయోనిసస్.

ముందు ఓడరేవు, పక్కన ఉక్కు కర్మాగారం, వెనక అనంతగిరి కొండలు, తీరం వెంట తాటితోపులు ఉన్న విశాఖపట్నంలో కూర్చుని, తమ నేలనే ఊహాలోకంగా మలుచుకోవాలనుకునే ఆటగాళ్లకు ఆ గడి దగ్గర ఒక ప్రశ్న ఎదురవుతుంది. తాటి, ఈత, జీలుగు చెట్ల నేలకు ద్రాక్షతీగల దేవుడు అతుకుతాడా? అతకకపోతే ఆ పీట మీద ఎవరిని కూర్చోబెట్టాలి? ఆటపుస్తకాలు ఏమంటున్నాయి, గ్రీకులు అసలు ఏమన్నారు, ఆ దేవుడు మన వైపు ఎంతవరకు వచ్చాడు, మన పురాణాలు, మన ఊళ్లు, మన చరిత్ర ఏం చెబుతున్నాయి అన్నవి ఒకచోట పెట్టి చూడడమే ఈ సమీక్ష పని.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చెట్టు ఎవరిది, ఎక్కేదెవరు, తాగేదెవరు, ఆ తాగుడుకు ఏడ్చేదెవరు అన్న ప్రశ్నలకు ఒక సమాజం ఇచ్చుకున్న జవాబే మద్యదేవత. తెలుగు నేల ఇచ్చుకున్న జవాబు గ్రీసు ఇచ్చుకున్నదానికి వేరు. దాన్ని పక్కనపెట్టి అరువు దేవుణ్ణి తెచ్చుకుంటే మన ఆటే చిక్కిపోతుంది.

ఆటపుస్తకాల్లో

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో వెలువడింది. రెండేళ్లకే, 1976లో, రాబర్ట్ కుంట్జ్, జేమ్స్ వార్డ్ కలిసి రకరకాల జాతుల పురాణ దేవతలను ఆటలోకి తెచ్చే పుస్తకం రాశారు. 1980లో ఆ జంటే డీటీస్ అండ్ డెమీగాడ్స్ అనే పెద్ద సంపుటం తెచ్చింది. గ్రీకు దేవతలతో పాటు ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, లక్ష్మి, కాళి కూడా అందులోకి ఎక్కారు. ఎక్కిన ప్రతి దేవతకూ ప్రాణబలం ఇంత, కవచబలం ఇంత అని అంకెలు పడ్డాయి. అంకె ఉన్నాక ఆ దేవతతో తలపడి గెలవవచ్చన్న ఊహ కూడా ఆటగాడికి వస్తుంది. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ ఊహ ఈ ఆటలను పూర్తిగా వదల్లేదు.

2014 నాటి ఐదో కూర్పు ఆటగాళ్ల పుస్తకం అనుబంధంలో డయోనిసస్ ఒకే ఒక్క వరుసలో కనిపిస్తాడు. ఉల్లాసానికీ ద్రాక్షసారాకూ దేవుడు, కట్టుబాట్లకు లొంగడు, మంచిచెడుల్లో ఏవైపూ మొగ్గడు, చేతిలో పైన్ కాయ తొడిగిన దండం. అంతే. గైగాక్స్ సొంత లోకం గ్రేహాక్‌లో ఈ స్థానం ఒలిడమ్మరది. సంగీతం, విందు, సారా, కొంటెతనం అతని పాలనలో ఉంటాయి. నవ్వే ముసుగు అతని గుర్తు. పాథ్‌ఫైండర్ ఆటలో కేడెన్ కైలియన్ ఉన్నాడు. తాగిన మైకంలో, పందెం కాసి, మనుషులను దేవతలుగా మార్చే శిల పరీక్షకు వెళ్లి నెగ్గుకొచ్చి దేవుడైన సాహసి అతను. స్వేచ్ఛకూ ధైర్యానికీ కూడా అతనే దిక్కు. గ్రీకు పురాణాల నీడలో పుట్టిన థెరోస్ లోకంలో క్సెనగోస్ అనే మేకకాళ్ల జీవి విందుల ఉన్మాదాన్నే మెట్లుగా చేసుకుని దేవుడవుతాడు, చివరికి ఎల్‌స్పెత్ అనే వీరనారి చేతిలో చస్తాడు. 2013, 2014 సంవత్సరాల్లో మ్యాజిక్ అనే కార్డుల ఆటలో నడిచిన ఈ లోకం 2020లో రోల్‌ప్లేయింగ్ పుస్తకంగానూ వచ్చింది. అదే ఏడాది పూర్తిస్థాయిలో విడుదలైన హేడిస్ అనే వీడియోగేమ్‌లో డయోనిసస్ వరం పొందితే శత్రువుకు హ్యాంగోవర్ తగులుతుంది.

వీటన్నిటినీ వరుసగా పెడితే మూడు అచ్చులు తేలతాయి: నవ్వించే దేవుడు, స్వేచ్ఛనిచ్చే దేవుడు, పిచ్చెక్కించే దేవుడు. మూడూ తాగేవాడి అనుభవం నుంచి పుట్టినవే. తాగుడు సామాను తయారుచేసే మనిషి ఈ మూడింట్లో ఎక్కడా లేడు. సాహసయాత్రలు సారా కొట్టులోనే మొదలవడం ఈ ఆటల్లో ఆనవాయితీ. ఆ కొట్టులోకి పీపా ఎవరి తోట నుంచి వచ్చిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పడం మాత్రం ఆనవాయితీ కాదు.

గ్రీకులు ఎరిగిన డయోనిసస్

ఇంత పలచని దేవుణ్ణి గ్రీకులు ఎరగరు. ద్రాక్ష పెంపకం మనుషులకు ఎలా వచ్చిందో చెప్పే వాళ్ల కథే ఒక హత్యతో నడుస్తుంది. డయోనిసస్ ఎథెన్స్ పొరుగు పల్లెలో ఇకారియస్ అనే రైతు ఇంట ఆతిథ్యం పొంది, అతనికి ద్రాక్ష విద్య నేర్పుతాడు. ఇకారియస్ ఆ కొత్త పానీయాన్ని పసులకాపరులకు పంచుతాడు. నీళ్లు కలపకుండా తాగిన కాపరులు తల తిరగడంతో విషం పెట్టాడనుకుని అతన్ని చంపేస్తారు. తండ్రి శవాన్ని వెతికి పట్టుకున్న కూతురు ఎరిగోన్ చెట్టుకు ఉరి పోసుకుంటుంది. ఆమె జ్ఞాపకంగా ఎథెన్స్ ఆడపిల్లలు ఉయ్యాలలు ఊగే వ్రతం ఏర్పడింది. అంటే మొదటి గుక్కతోనే ఒక చావు, ఆ వెనకే ఒక ఆడపిల్ల బలి. గ్రీకులు దీన్ని దాచుకోలేదు, పండుగలో పెట్టుకున్నారు.

ఎథెన్స్ వాళ్లు శీతాకాలం చివర మూడు రోజులు జరుపుకునే ఆంథెస్టీరియా పండుగలో మొదటిరోజు గత శరత్తులో పట్టిన ద్రాక్షసారా జాడీల మూతలు తీసి, ముందు దేవుడికి ధార పోసేవారు. రెండోరోజు తాగుడు పోటీల్లో బానిసలకూ పాలు ఉండేది. మూడోరోజు చచ్చిపోయినవాళ్లది. వసంతంలో జరిగే మరో డయోనిసస్ ఉత్సవంలో నాటకపోటీలు నడిచాయి. యూరిపిడీస్ బాకై నాటకం అతను పోయాక, క్రీ.పూ. 405 ప్రాంతంలో ఆ వేదికపైనే ప్రదర్శితమైంది. దేవుణ్ణి కాదన్న రాజును అతని కన్నతల్లే ఒళ్లు తెలియని స్థితిలో చీల్చి చంపడం ఆ నాటక కథ.

నాటకం, చావు, బానిసకు ఒక్కరోజు విడుదల, అధికారానికి ఎదురు నిలవడం అన్నీ డయోనిసస్‌లో ఉన్నాయి. ఆటపుస్తకం ఒక్క వరుసకు కుదించినప్పుడు పోయినవి ఇవే.

ఆ దేవుడు మనవైపు వచ్చిన దారి

డయోనిసస్ భారతదేశానికి వచ్చి వెళ్లాడని గ్రీకులు గట్టిగా నమ్మారు. చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు రాయబారిగా వచ్చిన మెగస్తనీస్ రాసినవాటి ఆధారంగా గ్రీకు చరిత్రకారుడు అర్రియన్ తన ఇండికాలో చెప్పేదేమంటే, డయోనిసస్ ఇక్కడ ఊళ్లు కట్టించాడు, చట్టాలిచ్చాడు, ఎద్దులను నాగలికి కట్టడం నేర్పాడు. అతని నుంచి చంద్రగుప్తుడి దాకా 153 మంది రాజులు, 6042 సంవత్సరాలు అని అర్రియన్ లెక్క కూడా చెప్పాడు. మనవాళ్లు యజ్ఞసమయాల్లో తప్ప మద్యం ముట్టరని, తాగేది బియ్యంతో చేసినదని మెగస్తనీస్ అన్నట్టు గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో నమోదు చేశాడు. ఈజిప్టుకు చెందిన నోనస్ క్రీ.శ. 5వ శతాబ్దంలో 48 సర్గల డయోనిసియకా రాసి, డయోనిసస్ భారత రాజు డెరియాడిస్‌తో చేసిన యుద్ధాన్ని అందులో నడిబొడ్డున నిలిపాడు. నేటి ఆటగాళ్ల కన్నా పదిహేను వందల ఏళ్ల ముందే ఒక కవి మన దేశాన్ని డయోనిసస్ క్యాంపెయిన్‌కు రంగస్థలం చేశాడన్నమాట.

ఊహలు అలా ఉంచితే సరుకు నిజంగానే వచ్చింది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు సముద్రయాన గ్రంథం పెరిప్లస్, గుజరాత్ తీరంలోని భరుకచ్ఛం రేవులో ఇటలీ ద్రాక్షసారాకు గిరాకీ ఉందని చెబుతుంది. మన తీరంలోని మసాలియా దగ్గర మేలైన నూలు వస్త్రాలు తయారవుతాయని అంటుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో సారా తెచ్చిన మట్టి జాడీల పెంకులు దొరికాయి. విశాఖ పొలిమేరలోనే, భీమిలి దారిలో, సముద్రం వైపు చూసే తొట్లకొండ బౌద్ధారామంలో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. మత్తుపానీయం ముట్టనని శీలం పట్టిన భిక్షువుల కొండ అది. కొండ కింద రేవుల్లో తిరిగిన నావికులకు ఆ నియమం లేదు. ఒక క్యాంపెయిన్ మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు వెతకనక్కర్లేదు.

ఇక నాగార్జునకొండ. 3వ, 4వ శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ అది. ఇప్పుడు నాగార్జునసాగర్ నీటి అడుగున ఉంది. 1926లో వెలుగు చూసిన ఈ స్థలంలో లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్, ఆ తర్వాత 1954 నుంచి ఆర్. సుబ్రహ్మణ్యం తవ్వకాలు జరిపారు. అక్కడి రాజప్రాసాదం ప్రాంతపు శిల్పాల్లో ఒకటి ఈ సమీక్షకు ప్రాణం లాంటిది. కొద్దిపాటి గడ్డం, నడుము పైన బట్ట లేని మగమనిషి, చేతిలో తాగే కొమ్ము, పక్కన సారా పీపా. దీన్ని డయోనిసస్‌గా గుర్తించిన పండితులున్నారు. టోపీ, పొడవు కోటు తొడిగిన శక సైనికుల శిల్పాలు కూడా అక్కడే దొరికాయి కాబట్టి, దేవుడి రూపం అరువు తెచ్చుకుని ఒక విదేశీ కొలువుగాణ్ణి చెక్కారని అనుకోవడానికీ చోటుంది. ఏదైనా, కృష్ణ ఒడ్డున ఒక తెలుగు రాజధానిలో ఒక శిల్పి ఉలికి ఆ దేవుడి పోలిక అందింది. అదే లోయలో ఆభీర వసుషేణుడి కాలపు శాసనం, క్రీ.శ. 278 నాటిదని లెక్కగట్టినది, అష్టభుజస్వామి విగ్రహ ప్రతిష్ఠలో పాలుపంచుకున్నవాళ్లలో సంజయపురి యవనరాజులను పేర్కొంటుంది. మెట్లమెట్లుగా కట్టిన ప్రదర్శనశాల, దాని దాపున గుట్ట మీద హారీతి గుడి కూడా అక్కడే ఉండేవి. నాటకం, పిల్లలను కాచే తల్లి, యవనులు, కొమ్ముపాత్ర అన్నీ ఒకే లోయలో కుదిరాయి.

కానీ ఆ శిల్పం దగ్గరే కథ ఆగిపోయింది. డయోనిసస్‌కు తెలుగునాట గుడి కట్టలేదు, జాతర జరగలేదు. రూపం వచ్చింది, కొలుపు రాలేదు. ఎందుకంటే ఆ స్థానం ఇక్కడ ఖాళీగా లేదు.

మన పురాణాల తీర్పు

భాగవతంలో బలరాముడి కోసం వరుణుడు పంపిన వారుణి చెట్టుతొర్రలోంచి ధారగా ప్రవహిస్తుంది. ఆ వాసన పట్టి బలరాముడు వెళ్లి తాగుతాడు, పిలిస్తే రాని యమునను నాగలితో లాగుతాడు. నాగలి పట్టినవాడు, మద్యం చెట్టులోంచి రావడం అనే ఈ రెండు గుర్తులూ మన పల్లెకు దగ్గరివి. అర్రియన్ డయోనిసస్‌కు అంటగట్టిన నాగలి, ఎద్దుల కథ పక్కన బలరాముణ్ణి నిలబెట్టి చూడాలనిపిస్తుంది. దేవీ మాహాత్మ్యంలో మహిషాసురుణ్ణి చంపేముందు అమ్మవారు మధుపానం చేస్తుంది.

వీటికి ఎదురుగా రెండు కథలున్నాయి. ఆదిపర్వంలో రాక్షసులు కచుణ్ణి చంపి, బూడిద చేసి, మద్యంలో కలిపి శుక్రాచార్యుడి చేతే తాగిస్తారు. నన్నయ కాలం నుంచి తెలుగువాళ్ల ఇళ్లలో చెప్పుకునే కథ ఇది. తన శిష్యుడినే తాగేశానని తెలిసిన గురువు మద్యపానానికి శాపం పెడతాడు. మౌసల పర్వంలో ప్రభాసతీర్థంలో తాగిన యాదవులు ఒకరినొకరు చంపుకుని వంశమే అంతరిస్తుంది. బలరాముడి కులమే అలా పోయింది.

పురాణం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో శపించింది. ఆటలో మద్యదేవతను రాసేవాళ్లు ఈ రెండు చేతులనూ ఉంచాలి.

చెట్టు, కత్తి, సాక

పురాణం కన్నా దగ్గరి సాక్ష్యం తాడిచెట్టు కింద ఉంది. ద్రాక్ష ఏడాదికోసారి కాస్తుంది. పిండి, పులియబెట్టి, జాడీలో పోసి నేలమాళిగలో దాచుకోవచ్చు. అందుకే డయోనిసస్ పండుగలు ఋతువులను పట్టుకుని నడుస్తాయి. కల్లు అలా దాగదు. గెల కొన గీసి, కుండ కట్టి, తెల్లవారుజామున దింపితే తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ గాలిలోని, కుండలోని ఈస్టు తన పని చేస్తుంది. సాయంత్రానికి పులుపు తేలి ఘాటెక్కుతుంది. మర్నాటికి పుల్లటి నీళ్లే. కుండలో సున్నం రాస్తే పులియకుండా తియ్యటి నీరాగా నిలుస్తుంది. అంటే ఇది రోజువారీ పని. గీతకార్మికుడు మోకు కట్టుకుని, కత్తి పెట్టుకుని రోజూ ఎక్కాలి, గీయాలి, దిగాలి. పట్టు తప్పితే ప్రాణం పోతుంది, లేదా నడుం విరుగుతుంది. ఏడాదికోసారి పండే దేవుడు ఈ మనిషికి చాలడు. ప్రతి ఉదయం వెంట ఉండే దేవుడు కావాలి.

ఆ దేవుడు ఉన్నాడు. తెలంగాణ గౌడులు చెట్టెక్కేముందు తలచుకునే కాటమయ్య. కంఠమహేశ్వరస్వామి, సురమాంబ జంటగా గౌడుల ఊళ్లలో గుళ్లున్నాయి, కల్యాణాలు జరుగుతాయి. గౌడ పురాణాన్ని చేర్యాల నకాశీ పటం మీద బొమ్మలుగా గీయించుకుని, పటం విప్పుతూ కథ చెప్పించుకునే సంప్రదాయం ఉంది. ఈ దేవుడి పని తాగేవాణ్ణి నవ్వించడం కాదు, ఎక్కేవాణ్ణి పడకుండా చూడటం. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీతకార్మికులకు ఇచ్చిన రక్షణ పరికరాల పథకానికి కాటమయ్య రక్ష అని పేరు పెట్టింది. ఒక మద్యదేవత పేరు కార్మిక భద్రతా పథకానికి పెట్టడం ఏ ఆటపుస్తకమూ ఊహించని సంగతి. తెలుగువాళ్లకు మాత్రం వింతగా తోచలేదు.

ఉత్తరాంధ్రలో ఈ వృత్తి యాత, శెగిడి కులాలది. దక్షిణ భారత కులాలు, తెగల గురించి 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాలు ఇద్దరినీ విశాఖపట్నం, గంజాం జిల్లాలవాళ్లుగానే నమోదు చేశాయి. ఇక్కడి పల్లెల్లో కల్లుకు మొదటి హక్కుదారు అమ్మవారు. గ్రామదేవత కొలుపులో కల్లు సాక పోయడం తెలుగునాట అంతటా ఉన్నదే. నేల మీద ధారపోశాకే మనుషులు ముట్టుకుంటారు. గ్రీకుల ధార, మన సాక ఒకే వరస పనులు. కాకపోతే అక్కడ మద్యం దేవుడి సొంత సృష్టి, ఇక్కడ అమ్మకు చెల్లించే బాకీ. అమ్మ మద్యానికి అధిదేవత కాదు. ఊరికి అధిదేవత, ఊళ్లో పుట్టిన ప్రతిదానిలోనూ ఆమెకు పాలు ఉంది.

విశాఖ మహానగరం అయ్యాక కూడా ఆ ఊరి లెక్క చెరగలేదు. బురుజుపేట కనకమహాలక్ష్మి, దొండపర్తి ఎరుకుమాంబ, పెదవాల్తేరు కరకచెట్టు పోలమాంబ ఇప్పటికీ పేటల తల్లులే. పోలమాంబ తన పేరులోనే చెట్టును మోస్తోంది. అనకాపల్లి నూకాలమ్మ జాతర కొత్త అమావాస్యకు, విజయనగరం పైడితల్లి సిరిమాను దసరా దాటిన మంగళవారం జరుగుతాయి. జముకుల కథ, తప్పెటగుళ్లు, తూర్పు భాగవతం లాంటి కళలన్నీ ఈ పండుగల నీడలోనే బతికాయి. డయోనిసస్‌కు నాటకం ఎలాగో, ఇక్కడ అమ్మకు ఆట అలాగ.

కొండ ఎక్కితే చెట్టు మారుతుంది. పాడేరు, అరకు వైపు జీలుగు కల్లు, వేసవి ముందు రాలే ఇప్పపూలతో కాచే సారా. పెళ్లికీ, చావుకీ, పంచాయితీ తెగ్గొట్టడానికీ, చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకూ వీటితో పని ఉంది. థింసా అడుగు కలిపే రాత్రి జీలుగు కుండ అక్కడే ఉంటుంది. ఇక్కడ చెట్టు ఆస్తి కూడా. జీలుగు చెట్టు ఎవరిదన్నది కొండ ఊళ్లో చిన్న విషయం కాదు.

పన్ను, తిరుగుబాటు, నిషేధం

ఆ చిన్నది కాని విషయమే 1879లో తుపాకులదాకా వెళ్లింది. రంప ప్రాంతపు మన్సబుదారు కల్లు గీతపై చిగురుపన్ను వేసేవాడు. కంపెనీ పోయి వచ్చిన దొరల ప్రభుత్వం అబ్కారీ నిబంధనలను కొండల్లోకి తెచ్చి, ఇంటి అవసరానికి కూడా చెట్టు గీయకూడదంది. గీత హక్కును కాంట్రాక్టర్లకు పాడేసింది. కొండవాళ్లకు కల్లు ఒక పూట ఆహారం. 1879 మార్చిలో మొదలైన తిరుగుబాటు గోదావరి జిల్లా రంప నుంచి విశాఖపట్నం జిల్లా గొలుగొండ కొండలకు పాకింది. తమ్మన్నదొర, చంద్రయ్య వంటి నాయకుల పేర్లు ఆ చరిత్రలో నిలిచిపోయాయి. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చి చెట్టు మీద సర్కారు హక్కును మరింత బిగించింది.

నలభై ఏళ్ల తర్వాత అవే కొండల్లో అల్లూరి సీతారామరాజు నిలబడ్డాడు. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషన్‌తో మొదలుపెట్టి వరుసగా దాడులు చేసిన ఆయన, అంతకు ముందునుంచే మన్యం ప్రజలను తాగుడు మానమన్నాడు, కోర్టులకెక్కకుండా పంచాయితీలో తేల్చుకోమన్నాడు. ఒకే కొండలు, ఒకే శత్రువు. ఒక తరం గీత హక్కు కోసం లేచింది, మరో తరం తాగుడు మానమన్న నాయకుడి వెంట నడిచింది. ఈ రెండింటికీ పొత్తు లేదనిపించవచ్చు. నిజానికి రెండింటి మూలం ఒకటే: నా చెట్టు, నా ఒళ్లు, నా నిర్ణయం.

మైదానం కథ వేరేగా నడిచింది. 1909 నాటి కన్యాశుల్కం రెండో కూర్పులో గురజాడ బైరాగినీ హెడ్డు కనిస్టీబునూ సారా దగ్గర కూర్చోబెట్టి వేదాంతం మాట్లాడించాడు. కులం, కొలువు, సన్యాసం అన్నీ ఒక సీసా ముందు సమానమైపోయే ఆ రంగం, ఏ ఆటలోని సారా కొట్టు దృశ్యానికైనా పాఠం చెప్పగలది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టి, తర్వాత చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. 1948 నాటికి, విశాఖ కూడా భాగమైన మద్రాసు రాష్ట్రమంతటా అది అమలైంది.

అసలు మలుపు ఆడవాళ్లు తిప్పారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో, సారాకు ఎదురు తిరిగిన సీతమ్మ కథ చదువుకున్న స్త్రీలు 1992లో సారా దుకాణం మూయించారు. వాళ్లలో ఒకరైన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. పల్లెపల్లెనా ఆడవాళ్లు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో అది సడలింది. ఎథెన్స్ ఎరిగోన్ ఒంటరిగా చెట్టుకు ఉరిపోసుకుంది. దూబగుంట ఆడవాళ్లు గుంపుగా దుకాణం ముందు నిలబడ్డారు.

మరి ఆ పీట ఎవరిది?

ఇంతవరకు చూసినదాన్ని ఆటబల్ల మీదికి తెస్తే నాకు తోచినవి ఇవి.

మొదటిది, బతికున్న కొలుపుకు అంకెలు వేయకూడదు. డయోనిసస్‌కు నేడు పెద్ద భక్తజనం లేదు. పోలమాంబకు ఉంది, కాటమయ్యకు ఉంది. ఎక్కబోయే మనిషి తలచుకునే పేరుకు ప్రాణబలం కొలిచి, పాచికతో ఓడించే ఏర్పాటు చేయడం తగదు. వాళ్లను నేరుగా తేకుండా, ఆ కొలుపుల నిర్మాణాన్ని అర్థం చేసుకుని కొత్త దేవతను కల్పించుకోవడం ఆటకూ మర్యాదకూ మంచిది. 2022లో వచ్చిన జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్ పుస్తకంలో మిమీ మండల్ బెంగాల్ నేల నుంచి శంఖభూమి అనే లోకాన్ని కల్పించింది. ఆ దారి మనకూ ఉంది.

రెండోది, ఆ కొత్త దేవత శక్తి చెట్టెక్కడంలో ఉండాలి. భక్తుడికి వచ్చే వరం ఎత్తు మీద పట్టు తప్పకపోవడం. ఆమె పెట్టే పరీక్ష తెల్లవారుజామున ఒంటరిగా ఎక్కడం. పానీయం దాచుకునేది కాకుండా, ఉదయం ఒక గుణం, సాయంత్రం మరో గుణం, మర్నాటికి వ్యర్థం అన్న నియమం పెడితే ఆటగాళ్ల ప్రతి నిర్ణయానికీ గడియ గుర్తుకొస్తుంది.

మూడోది, మొదటి ధార నేలకు. సాక పోయకుండా తాగినవాడికి శాపం ఉండనక్కర్లేదు. ఊరు అతన్ని తనవాడిగా లెక్కపెట్టదు, అంతే. ఒక సాహసికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

నాలుగోది, దేవతకు ఎదురుగా రాక్షసుణ్ణి నిలబెట్టనక్కర్లేదు, పన్ను వసూలుదారుణ్ణి నిలబెడితే చాలు. గీత హక్కును వేలం వేసే కచేరీ, దాన్ని పాడుకునే కాంట్రాక్టరు, కొండ మీద చెట్టు గీసుకునే ఇంటివాళ్లు ఉంటే ఏ భూతమూ లేకుండా మూడు నెలల కథ నడుస్తుంది. తొట్లకొండ లాంటి కొండ మీద వద్దనే భిక్షువులు, రేవులో కావాలనే నావికులు, అడవిలో మానమని చెప్పే సన్యాసి వీరుడు ఉంటే ఏ పక్షమూ తేలిక కాదు.

ఐదోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ దేవతకు కాదనే అధికారం ఉండాలి. ప్రపంచపు మద్యదేవుళ్లందరూ పోసేవాళ్లే. తెలుగు చరిత్ర ఇచ్చిన కొత్త సంగతి ఏమంటే, కుండ బోర్లించే హక్కు కూడా ఒక దైవశక్తే. శుక్రుడి శాపం, అల్లూరి మాట, దూబగుంట ఆడవాళ్ల నిలువు ఆ హక్కును మూడు కాలాల్లో వాడుకున్నాయి. అలాంటి దేవత గుడిలో పూజారులుగా ఊరి ఆడవాళ్లుండాలి. ఈ ఏడాది కుండ ఎత్తాలా బోర్లించాలా అన్నది ఆటగాళ్లు వాళ్లను ఒప్పించి తేల్చుకోవాలి.

డయోనిసస్‌ను తరిమేయమనడం నా ఉద్దేశం కాదు. నాగార్జునకొండ శిల్పి అతనికి చోటిచ్చాడు, మన కథలోనూ ఓడ దిగిన అతిథిగా రావచ్చు. తీగ దేవుడు తాటి దేవతను కలిసి, తన దగ్గర ఏడాదికోసారి నిండే జాడీ ఉందని చెప్పుకుంటే, ఆమె తన దగ్గర రోజూ ఎక్కే మనుషులున్నారని చెప్పుకోగలగాలి. ఆ మనుషుల పేరు, కులం, ఒంటి గాయం, ఇంటి లెక్క తెలిసిన గేమ్ మాస్టర్ రాసిన దేవత ఏ దేశపు ఆటబల్ల మీదైనా నిలబడుతుంది. విశాఖలో ఈ ఆట ఆడే పిల్లలు పట్టిక నింపేముందు చదవాల్సిన పుస్తకాలు చాలానే ఉన్నాయి. వాటికంటే ముందు వాళ్లు ఒక పొద్దున తాటితోపుకు వెళ్లి గీతకార్మికుడితో మాట్లాడాలి.